శౌరి బాబాయి శుక్రవారాలు

మా పక్క క్వార్టర్లో ఉండే శౌరి బాబాయికి ఉపవాసం నిలవదు. కొందరి చేతిలో గొడుగు నిలవదు, కొందరి పెరట్లో కరివేపాకు మొక్క నిలవదు, ఈయన దగ్గర ఉపవాసం నిలవదు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు నిన్ననే బదిలీ మీద వచ్చి, ఇంకా సామాను దింపుకుంటూ ఉండాలి.

ఉపవాసం ఉండకపోవడం పెద్ద నేరమేమీ కాదు. నేనూ ఉండను. శివరాత్రి నాడు మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, ఆ తర్వాత ఫలహారం పేరుతో కడుపు నింపుకునే రకం నేను. కానీ ఉంటానని ఎవరికీ మాట ఇవ్వను. బాబాయి ఇస్తాడు. కాలనీలో ప్రతి గేటు దగ్గరా ఆగి మరీ ఇస్తాడు. ఇచ్చిన వారంలోపే నలుగురూ తిరిగే చోట, పట్టపగలు, చేతిలో తిండితో దొరికిపోతాడు.

ఆయన టాటానగర్ యార్డులో గూడ్సు వ్యాగన్లు పరీక్షించే టెక్నీషియన్. ఎత్తుకి ఎత్తు, వెడల్పుకి వెడల్పు. వీధిలోకి ముందు ఆయన గొంతు వస్తుంది, తర్వాత ఆయన వస్తాడు. శౌరి అనే పేరు విని మా అత్తగారు మొదట ఆయన్ని వైష్ణవుడనుకుంది. ఒక బుధవారం నుదుట బూడిదతో కనిపిస్తే శైవుడనుకుంది. ఆదివారం పొద్దున్నే భార్యని తీసుకుని చర్చికి బయల్దేరడం చూసి ఇక అనుకోవడం మానేసింది. శౌరి అనేది వాళ్ళ కతోలికుల్లో ఒక పెద్ద పునీతుడి పేరట. బాబాయి తాతలు పాలకొండ వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్ళు. మా కాలనీలో తెలుగువాళ్ళం చాలామందే ఉన్నా, చర్చికి వెళ్ళే తెలుగు ఇల్లు అదొక్కటే.

ఆ బూడిద పెట్టే రోజుని వాళ్ళు విభూది బుధవారం అంటారు. అక్కణ్ణుంచి ఈస్టర్ పండుగ దాకా తపస్సుకాలం. మనకి కార్తీకమాసం ఎలాగో వాళ్ళకి అదలాగ. ప్రార్థన చెయ్యాలి, ఉపవాసం ఉండాలి, లేనివాళ్ళకి ఇంత పెట్టాలి. శుక్రవారాలు మాంసం ముట్టరు. ఆ సాయంత్రం చర్చిలో సిలువ మార్గం అని గోడల మీద ఉన్న పటాల ముందు ఒక్కొక్క చోటే ఆగుతూ ప్రార్థిస్తారు. బాబాయి భార్య లూర్దమ్మ పిన్నిలాంటి నిష్ఠగలవాళ్ళు శుక్రవారం నిద్ర లేచింది మొదలు ఆ ప్రార్థన ముగిసేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోరు. పిన్ని చిన్నప్పట్నుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. అలాంటి మనిషికి దేవుడు ఇలాంటి మొగుణ్ణి ఎందుకిచ్చాడా అని కాలనీ అంతా జాలిపడేది.

విభూది బుధవారం బాబాయి మా గేటు దగ్గర ఆగాడంటే ఏం చెబుతాడో నాకు ముందే తెలుసు.

"ఇంద్రాణమ్మా, ఈ ఏడు సూడు. శుక్రవారం ఒక్క మెతుకు నోట్లో ఎట్టుకోను."

"పోయినేడూ ఇదే చెప్పారు బాబాయ్."

"పోయినేడు పట్టుదల సరిపడా లేదమ్మా. ఈ ఏడు పట్టుకొచ్చేను."

లోపల్నుంచి మా అమ్మాయి నవ్య పుస్తకంలోంచి తలెత్తకుండా, "అంకుల్, కబ్ తక్?" అని అడిగేది. ఎప్పటిదాకా అని దాని అర్థం. మేం తెలుగులో ఏం మాట్లాడినా అది హిందీలోనే జవాబిస్తుంది.

"ఈస్టర్ తక్ బేటీ, ఈస్టర్ తక్," అని గుండెమీద చెయ్యి వేసుకుని, పక్క గేటుకి వెళ్ళిపోయేవాడు.

నేను పెళ్ళయి వచ్చిన మొదటి ఏడు ఆ మాట నిజమే అనుకున్నాను. ఆ శుక్రవారం కూరగాయలకి స్టేషన్ వైపు వెళ్తే, రోడ్డుపక్క లిట్టీలు, అంటే సత్తుపిండి కూరిన గోధుమ ఉండలు, నిప్పుల మీద కాల్చే బండి దగ్గర బాబాయి కనిపించాడు. చేతిలో దొన్నె, అందులో నెయ్యి పోసిన లిట్టీ. పక్కనే బెంచీ మీద ఎవరో బక్కమనిషి, కాళ్ళ దగ్గర సంచీ పెట్టుకుని, తల వంచుకుని గబగబా తింటున్నాడు.

"సూసేసేవేటమ్మా," అన్నాడు బాబాయి, దొంగ దొరికినట్టు.

"ఉపవాసం అన్నారుగా."

"అదేనమ్మా నా బాధ. ఒక్కణ్ణీ పాపం సేయాలంటే బయమేసి ఈయన్ని తోడు తెచ్చుకున్నాను. లిట్టీ మాంసం కాదు గదా, సగం పాపమే."

ఆయన చేతిలో లిట్టీ ఇంకా కొరకనే లేదు. సమయానికి వచ్చి ఒక పాపం ఆపానని సంతోషిస్తూ ఇంటికొచ్చాను. ఆపలేదని సాయంత్రానికి తెలిసింది. ఆ బండిమీద ఉన్నవన్నీ ఆయనే తినేశాడని కాలనీ అంతా చెప్పుకున్నారు. చెప్పింది మరెవరో కాదు, బాబాయే.

ఆయనతో వచ్చిన చిక్కే అది. తినడం ఒక ఎత్తు, చెప్పుకోవడం ఇంకో ఎత్తు. శనివారం చర్చిలో పాపసంకీర్తనం చెయ్యడానికి, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడానికి, వరసలో నిలబడి, ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ కూడా తన పాపం వివరంగా చెప్పేవాడట. పూరీలు ఎలా పొంగాయి, ఆలూకూరలో జీలకర్ర ఎంత పడింది. ఫాదర్ దగ్గరికి చేరేసరికి ఆ వరసలో సగంమందికి ఆకలి వేసి, మళ్ళీ వస్తామని ఇంటికి వెళ్ళిపోయేవారని పిన్ని తల పట్టుకునేది.

ఫాదర్ తిర్కీది ఖూంటీ వైపు ఊరు. నెమ్మదైన మనిషి. ఆయన కూడా ఒకసారి ప్రసంగం మధ్యలో, "ఉపవాస్ కఠిన్ హై, శౌరి జీ సే పూఛియే," అన్నాడట. ఉపవాసం ఎంత కష్టమో శౌరిగారిని అడగండని. చర్చి అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయే.

పిన్ని చెయ్యని కట్టడి లేదు. శుక్రవారం ఆయనకి డబ్బా కట్టదు. వంటింటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మా అత్తగారి దిండు కింద దాస్తుంది. అయినా మధ్యాహ్నం కాకముందే కూరగాయల జోగమ్మ తట్ట దింపుతూ కబురు మోసుకొస్తుంది.

"లూర్దమ్మా, మీ ఆయన గూడ్స్ షెడ్డు కాడ పూరీలు తింతన్నాడు."

"ఒక్కడేనా?"

"లేదమ్మా, ఎవులో మడిసి ఉన్నాడు పక్కన."

"ఆయన సెడింది సాలదేటి, ఇంకొకల్ని కూడా సెడగొడతాడు," అని పిన్ని నడివీధిలో నిలబడి అరిచేది. చాలా మర్యాదగల మనిషి ఆవిడ. మొగుడి తిండి విషయంలో తప్ప ఆవిడ గొంతు పెరగగా నేనెప్పుడూ వినలేదు.

ఒక ఏడు మా ఆయన హరికిరణ్‌ని కాపలాగా పంపించాం. ఆ రోజు మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా పిన్ని మొహం చూసి, బాబాయిని ఒక్క పూట కనిపెట్టుకుని ఉండమని అత్తగారి చేత చెప్పించాను. కాపలాకి వెళ్ళిన మనిషి మూతికి చట్నీతో తిరిగొచ్చాడు.

"మీరు కూడానా?" అన్నాను. పొద్దున్నుంచి దాచుకున్న మౌనం అలా పోయింది.

"ఆయన ఒక్కడూ తినలేనన్నాడు. నేనేం చెయ్యను?" అన్నాడు మా ఆయన.

ఇలా ఏళ్ళు గడిచాయి. బాబాయి జుట్టు నెరిసింది గాని పేరు మారలేదు. కాలనీలో ఎవరైనా ఒక పని మొదలుపెట్టి వదిలేస్తే, శౌరిగారి శుక్రవారం చేశావన్నమాట అనడం మామూలైపోయింది.

ఇక ఈ ఏడు జరిగింది చెబుతాను.

మా వెనక వీధిలో పోలరాజు అని ఒకాయన ఉంటాడు. గూడ్స్ షెడ్డులో కూలీల మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. భార్య భద్రమ్మ చలికాలంలో పోయింది. భద్రమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి ఎవరు ఏ పని మీద వెళ్ళినా భోజనం చెయ్యకుండా బయటకు వచ్చేవారు కాదు. మీటరు చూడటానికి వచ్చిన మనిషిని కూడా పీట వేసి కూర్చోబెట్టేది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పోలరాజు టీ, బిస్కెట్లతో కాలక్షేపం చేస్తున్నాడని అందరికీ తెలుసు. చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుని ఆగిపోతున్నాడు.

నేను పులిహోర పట్టుకెళ్తే గుమ్మంలోనే ఆపేశాడు.

"వండుకున్నానమ్మా. నీకెందుకు శ్రమ."

లోపల పొయ్యి మీద సాలెగూడు నాకు కనిపిస్తూనే ఉంది.

చర్చి వాళ్ళు తపస్సుకాలం దానంగా బియ్యం సంచీ పట్టుకొచ్చి, ఒక ఫొటో తీసుకుంటామని ఫోను పైకెత్తారు. పోలరాజు తలుపు వేసేశాడు. తలుపు వెనకనుంచి ఆయనన్న మాట వీధిలోవాళ్ళందరం విన్నాం. "బద్రమ్మ ఉండగా నా గుమ్మంలో జనం తిని ఎల్లీవోరు. ఇప్పుడు నాను సంచీ అట్టుకోవాలేటి?"

ఆ తర్వాత ఎవరూ వెళ్ళలేదు. మనిషి మాత్రం రోజురోజుకీ తరిగిపోతున్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం డాబా మీద వడియాలు తిప్పుతుంటే, శౌరి బాబాయి ఒక పెద్ద క్యారియర్ పట్టుకుని, అటూ ఇటూ చూసి, పోలరాజు ఇంట్లో దూరడం కనిపించింది. స్టేషన్ దగ్గర తెలుగు మెస్సు క్యారియర్ అది. నాకు ఒళ్ళు మండింది. తిండి మానేసి చిక్కిపోయిన మనిషి ఎదురుగా కూర్చుని తింటాడా? పరుగున వెళ్ళి పిన్నికి చెప్పాను.

"పోనీలేమ్మా," అంది పిన్ని.

"పోనీ ఏమిటి? ఈసారి మీ కళ్ళతో చూడాలి. రండి."

పిన్ని రానంది, కాళ్ళు నొప్పులంది, దేవుడే చూసుకుంటాడంది. నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. వెనక వీధిలోకి తిరగగానే ఆవిడకి ఎక్కడలేని దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక ఎవరిదో గేటు తీసి ఉందని గట్టిగా కేకలేసింది. దారిలో ఉన్న ఖాళీ బకెట్టుని కాలితో తన్నింది. దొంగని పట్టుకోవడానికి ఇలాగేనా వెళ్ళేది అని విసుక్కుని, నేను ముందు నడిచి పోలరాజు కిటికీలోంచి చూశాను.

ఇద్దరూ నేలమీద ఎదురెదురుగా కూర్చున్నారు. పోలరాజు తింటున్నాడు. మామూలుగా కాదు, చాలా రోజుల తర్వాత తింటున్నవాడిలాగ, కంచంలోంచి కళ్ళెత్తకుండా తింటున్నాడు. బాబాయి కంచంలోనూ అన్నం ఉంది, పప్పు ఉంది. పెద్ద ముద్ద కలిపాడు. నోటిదాకా ఎత్తాడు. ఏదో గుర్తొచ్చినట్టు కబురొకటి మొదలుపెట్టి ముద్ద దింపేశాడు. కబురు అయ్యాక మళ్ళీ కలిపాడు, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దింపాడు. "ఈ వంకాయ నాకు పడదు, నువ్వే తినాల," అంటూ క్యారియర్లో కూరంతా పోలరాజు కంచంలో వంచాడు. పోలరాజు మంచినీళ్ళకి అటు తిరగగానే, తన ముద్ద తీసి పెరటి గుమ్మంలో కాచుకుని ఉన్న కుక్కకి వేశాడు. ఆ కుక్క ఎవరిదో గాని బాగా బలిసి ఉంది.

ఇంతలో పిన్ని గుమ్మంలోకి వచ్చి, "ఎక్కడా మహానుబావుడు?" అంది.

బాబాయి చటుక్కున కంచంలో ఉన్నదంతా ఒక్క ముద్ద చేసి నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు రెండూ పొంగిపోయి, కళ్ళు నీళ్ళు తిరిగి, తప్పు చేసిన పిల్లాడిలా మమ్మల్ని చూశాడు.

పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టింది. సిగ్గు లేదంది, తపస్సుకాలమని జ్ఞానం లేదంది, పరాయివాళ్ళ ఇంట్లో దాక్కుని తినే గతి పట్టిందంది. పోలరాజు చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు.

"ఆయన్నేటనకు సెల్లెమ్మా. తప్పు నాది. ఆకలేత్తంది, ఓటల్లో తింటే సూసి సెప్పేత్తారు, నీ ఇంట్లో కూసింత సోటియ్యి అని గుమ్మం కాడ నిలబడ్డాడు. బద్రమ్మ ఉంటే ఏటి సేసీది? ఆకలన్న మనిసిని పొమ్మంటానా? ఒక్కడూ తింటే అరగదన్నాడు. అందుకని నానూ రెండు మెతుకులు..."

రెండు మెతుకులు కాదు, క్యారియర్ ఖాళీ అయింది. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో కాస్త నెత్తురు కనబడింది.

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఏటి సెయ్యమంటావన్నా. ఇన్నేళ్ళలో ఒక్క ఉపవాసం నిలబెట్టలేదు. ఒక్క గుడ్ ఫ్రైడే అయినా నా మొగుడు కడుపు మాడ్చుకున్నాడని నలుగురిలో సెప్పుకునే రాత నాకు లేదు."

పోలరాజు ఆవిణ్ణీ, నోరు మెదపలేక కూర్చున్న బాబాయినీ మార్చి మార్చి చూశాడు.

"నాను సూసుకుంటాను సెల్లెమ్మా," అన్నాడు.

"అయితే ఒక పని సెయ్యన్నా. రేపట్నుంచి ఇద్దరికీ సరిపడా అన్నం నీ కాడికే పంపుతాను. నీ కళ్ళెదురుగా తిననీ, బయట తిరుగుళ్ళు తగ్గుతాయి. శుక్రవారం మటుకు నీ తలుపు ఎయ్యి."

తిరిగి వచ్చేటప్పుడు పిన్నికి దగ్గు లేదు. నేనే ఆగలేకపోయాను.

"పిన్నీ, ఆయన తినలేదు. మిమ్మల్ని చూశాకే ఆ ముద్ద పెట్టుకున్నాడు."

"నాకు తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"పెళ్ళయిన రెండో ఏడు. పగలంతా పూరీలు తిన్నోడు సందేల చర్చి నించొచ్చి కుండెడన్నం తింటాడేటమ్మా? మొదటేడు రాకాసిని సేసుకున్నాననుకున్నాను. రెండో ఏడు ఆలోచన వచ్చింది. ఎనక ఎల్లి సూసేను. పొట్లం ఆయన సేతిలో ఉంది, తినీది పక్కోడు."

"మరి అందరిలో ఆ తిట్లు?"

"నాను తిట్టకపోతే ఎవులు నమ్ముతారు? తిండిపోతని పేరుంటేనే గదా ఆకలితో ఉన్నోడు సిగ్గుపడకుండా పక్కన కూకుంటాడు." నాలుగడుగులు వేసి, "నాకు తెలుసని ఆయనకి తెలీదు. నువ్వు సెప్పకు," అంది.

మా ఆయన్ని కాపలాగా పంపించిన రోజు నాకప్పుడు గుర్తొచ్చింది. నాతో పోట్లాడి, పొద్దున్న టిఫిన్ వదిలేసి వెళ్ళిపోయిన రోజు అది. మా ఇంటికీ బాబాయి ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడ కూడా మందం తక్కువ.

గుడ్ ఫ్రైడే పొద్దున్నే పోలరాజు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని బాబాయి గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాలుగు వారాల పిన్ని చేతి అన్నం మనిషిలో బాగానే పనిచేసింది. చొక్కా కాస్త నిండింది. గొంతూ లేచింది.

"బావా, ఇయాల నిన్ను నాను కాత్తాను. నువ్వు తిననంత సేపూ నానూ తినను. ఎలా తింటావో సూత్తాను."

బాబాయి మొహం పాలిపోయింది. ఆకలికి భయపడ్డాడని వీధిలోవాళ్ళు నవ్వుకున్నారు. నేను కూడా ముందు ఆయన కంగారేమిటో తెలియక చూశాను. చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు. యార్డులో సుత్తి మర్చిపోయానన్నాడు.

"పద, నానూ వత్తాను," అన్నాడు పోలరాజు లేస్తూ.

"నీకెందుకులే బావా ఎండ."

"నీకు లేని ఎండ నాకేటి?"

బాబాయి మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. గోడ మీదనుంచి నన్ను చూసి కళ్ళతో ఏదో చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. అప్పుడు పిన్ని లోపల్నుంచి స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. ఆయన పక్కన నిలబడి, పోలరాజుకి వినపడకుండా అడిగింది.

"ఎవులు?"

"ఏటి?"

"ఇయాల ఎవులితో తింతారు? సెప్పండి, నానెల్లి తినేసి వత్తాను."

బాబాయి భార్యని అలా చూస్తూ ఉండిపోయాడు. "నీకు..." అన్నాడు.

"తొరగా సెప్పండి. సల్లారిపోతంది."

"బోగీలు కడిగే లైన్లో రజని అని కొత్త తెలుగు పిల్ల. అందరూ డబ్బాలు ఇప్పితే ఆ పిల్ల నీళ్ళ పంపు కాడికి ఎల్లిపోతంది."

పిన్ని కొంగు సర్దుకుని బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ జన్మలో ఇలాంటి నాటకం ఆడి ఉండదు. పంపు దగ్గర ఆ అమ్మాయి పక్కన కూర్చుని, డబ్బా మూత తీసి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అమ్మాయ్, నాకు ఆకలేత్తంది. మా ఆయన సూత్తే తిడతాడు. ఒక్కద్దాన్నే తినాలంటే బయమేత్తంది. నువ్వు కూడా తిను."

రజని ఆవిణ్ణి చూసింది, నన్ను చూసింది. "ఆంటీ, మీ ఆయన అంత కోపిష్టా?" అంది.

"సెప్పకమ్మా. రాకాసి," అంది పిన్ని.

ఆ పిల్ల జాలిపడి డబ్బా దగ్గరికి జరిగింది. తిన్నంతసేపూ పిన్నిని ఓదార్చింది. పిన్ని ముద్ద కలపడం, ఎత్తడం, దింపడం మొదటిసారి కాబట్టి కాస్త తడబడింది గాని, మొత్తానికి నెగ్గుకొచ్చింది. డబ్బాలో ఏమీ మిగల్లేదు. కాకపోతే పంపు పక్కనుంచి తట్టతో జోగమ్మ నడిచి వెళ్ళడం మేమిద్దరం చూసుకోలేదు.

సాయంత్రం చర్చికి బయల్దేరేసరికి బాగ్‌బేరా అంతా గుప్పుమంది. శౌరి నిలబడ్డాడట, లూర్దమ్మ పడిపోయిందట. గుడ్ ఫ్రైడే నాడు పట్టపగలు పులిహోర తిందట. పోలరాజు బాబాయి చెయ్యి వదలకుండా, సమోసాల దుకాణం వచ్చినప్పుడల్లా ఆయన తల అవతలి వైపు తిప్పుతూ చర్చిదాకా తీసుకొచ్చి, తానూ వెనక వరసలో కూర్చున్నాడు. అయిపోయాక గుమ్మం దగ్గర ఫాదర్ తిర్కీ ముందు నిలబడి, "పూరా దిన్ ఫాదర్, ఏక్ దానా నహీఁ. మైనే పకడ్ కే రఖా," అని గర్వంగా చెప్పుకున్నాడు. రోజంతా ఒక్క గింజ తిననివ్వలేదని, తానే పట్టి ఉంచానని.

ఫాదర్ బాబాయి భుజం తట్టి, వెనకాల తల వంచుకుని నిలబడ్డ పిన్ని వైపు నమ్మలేనట్టు చూసి, మీరు కూడానా అని అడిగాడు.

"లూర్దమ్మ జీ, ఆప్ భీ?"

"క్యా కరే ఫాదర్, భూఖ్ లగ్ గయా," అంది పిన్ని. ఆకలేసింది, ఏం చెయ్యను అని. ఆవిడ హిందీ అంతంతమాత్రం గాని, ఆ ఒక్క వాక్యం పొద్దున్నుంచి నేర్చుకున్నట్టు స్పష్టంగా చెప్పింది. బాబాయి నవ్వు ఆపుకోలేక జపమాల వెనక మొహం దాచుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే నడిచి ఇంటికి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గోడ మందం తక్కువే గాని, ఆ రోజు నేను వినలేదు.

ఈస్టర్ ఆదివారం పూజ అయి వాళ్ళు గేటు తీసేసరికి, పోలరాజు అరుగు మీద పెద్ద గిన్నె పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మూత తీస్తే నాటుకోడి కూర. భద్రమ్మ చేసినట్టే ధనియాలు వేయించి నూరి చేశానన్నాడు. వాసన మా ఇంట్లోకి కూడా వచ్చి, నన్నూ మా ఆయన్నీ నవ్యనీ వాళ్ళ వాకిట్లో నిలబెట్టింది.

"శుక్రవారమంతా మాడిపోయేవు బావా. నా పట్టుదల కోసం నిన్ను ఎండగట్టేసేను. కూకో, కడుపునిండా తిను."

బాబాయి చాప మీద కూర్చున్నాడు. ఈసారి ముద్ద ఎత్తాక దింపలేదు. రెండో ముద్దకి, ఉప్పు కాస్త ముందుకి వచ్చిందన్నాడు. మూడో ముద్దకి, రాలేదు సరిపోయిందన్నాడు. పోలరాజు ఎదురుగా గొంతుక్కూర్చుని, గరిటె పట్టుకుని, కంచం ఖాళీ అయిన చోటల్లా వడ్డిస్తున్నాడు.

"నువ్వూ కూకో బావా," అన్నాడు బాబాయి ఉన్నట్టుండి, చెయ్యి ఆపి. "లూర్దమ్మా, ఇంకో కంచం ఎట్టు. నాకు ఒక్కడూ తింటే అరగదు."

"నాకొద్దు బావా," అన్నాడు పోలరాజు కాస్త సిగ్గుపడుతూ. "నాను పొద్దున్నే తినేసేను. కూర ఉడుకుతుంటే ఆగలేకపోయేను. మీ పూజ అయ్యేదాకా సూద్దామనుకున్నాను గాని, ఆకలేసేసింది."

బాబాయి ఆయన్ని తేరిపార చూశాడు. పిన్ని కంచం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎంత తిన్నావేటి?"

"రెండు సార్లు ఎట్టుకున్నాను."

"అయితే సరే," అన్నాడు బాబాయి. గిన్నె తన వైపు జరుపుకుని, కోడికాలు వెతుక్కుని కంచంలో వేసుకున్నాడు.